ట్రామడాల్ చీటీ రాసేటప్పుడు రోగికి ఎంత చెప్పాలి?

హంద్రీగట్టు (చర్చ మొదలుపెట్టినవారు):
నడుంనొప్పికి, విరిగిన ఎముకకు, ఆపరేషన్ తర్వాత నొప్పికి ట్రామడాల్ రాయడం మామూలైపోయింది. రోగికి మాత్రం అది ఉత్త 'నొప్పి మాత్ర'. నల్లమందు ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో ఇదీ అక్కడే పనిచేస్తుందని, అలవాటుపడే గుణం ఉందని మొదటి చీటీ రోజే చెప్పి తీరాలని నా వాదన. 2018లో దీన్ని మత్తుమందులను అదుపుచేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. అమ్మేవాడికి లెక్కలు, రాసేవాడికి నిబంధనలు ఉన్నాయి. మింగేవాడికే విషయం తెలియకపోతే ఎట్లా? ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి.

ఎముకలడాక్టరు:
నేను ఒప్పుకోను. 'నల్లమందు' అనే మాట చెవిన పడితే చాలామంది మాత్రను పక్కన పెట్టేస్తారు. పక్కటెముక విరిగినవాడు నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయడు, దగ్గడు. కఫం అడుగున నిలిచి న్యుమోనియా వస్తుంది. మోకాలి కీలు మార్పించుకున్నవాడు కాలు వంచకపోతే కీలు బిగుసుకుపోతుంది. అయిదు రోజుల కోర్సుకు ఇంత భయం పెట్టి ఏం సాధిస్తాం? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు కూడా ముఖ్యమైన ప్రమాదాలు చెప్పాలంది గానీ, ఎప్పుడో ఎవరికో వచ్చేవన్నీ ఏకరువు పెట్టి రోగిని బెదరగొట్టమనలేదు.

ప్రొద్దుటూరు మందులంగడి:
సార్, ఆ కేసు ఆపరేషన్‌కు ఒప్పుకోలు గురించి. దాన్నే పట్టుకున్నా, ట్రామడాల్‌కు ఫిట్స్ రావడం 'ఎప్పుడో ఎవరికో' కిందికి రాదు. అంతకుముందు ఫిట్స్ ఉన్నోళ్లకు, మనసు కుంగుబాటుకు సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి వాడేవాళ్లకు, తిమ్మిర్లకని అమిట్రిప్టిలిన్ మింగేవాళ్లకు ఆ ముప్పు పెరుగుతాది. భయపెట్టే మాట ఒక్కటీ అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు అడగల్ల: ఎప్పుడన్నా ఫిట్స్ వచ్చినాయా? మనసుకు గానీ తిమ్మిర్లకు గానీ మాత్రలు వాడతాండారా? నిద్రమాత్ర ఉండాదా? సారా, బ్రాందీ, బీరు తాగుతారా? ఈ చివరిదాన్ని పేర్లు పెట్టే అడగల్ల. 'మందు తీసుకుంటావా' అంటే బీపీ మాత్ర అనుకొని తల ఊపుతారు.

ఇంకోటి. అంగడిలో పట్టీని కత్తెరతో కోసి, ఆరు మాత్రలు కాగితం కవర్లో వేసి ఇస్తారు. ఎర్ర గీతల గడిలో అచ్చేసిన హెచ్చరిక అంగడిలోనే మిగిలిపోతాది. మిగలకపోయినా అది ఇంగ్లీషులో ఉంటాది. అందులో 'ఆర్ఎంపీ చీటీ లేనిదే అమ్మరాదు' అని రాసి ఉంటాది, అక్కడ ఆర్ఎంపీ అంటే రిజిస్టరైన డాక్టరు. మన ఊర్లలో ఆర్ఎంపీ అంటే ఎవరో మీకు నేను చెప్పాల్నా!

ఇట్లాంటి మందులు అమ్మినప్పుడు రాసే హెచ్1 రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చినామో రాసి మూడేండ్లు దాచిపెడతాం. రోగికి చెప్పినామా లేదా అనే గడి మాత్రం అందులో లేదు.

ఎముకలడాక్టరు:
నాలుగు ప్రశ్నలకు నాకు అభ్యంతరం లేదు, అవి చీటీ రాయకముందే అడగాల్సినవి. నా గొడవంతా 'నల్లమందు', 'అలవాటు' అనే మాటలతోనే.

పెన్నమ్మ (క్యాన్సర్ నొప్పి వార్డు నర్సు):
సార్ భయంలో సగం నిజముంది, అది క్యాన్సర్ నొప్పికిచ్చే, నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ విషయంలో ఇంకా బాగా కనిపిస్తుంది. 'మార్ఫిన్ మొదలైందంటే చివరి రోజులు వచ్చినట్టే', 'ఇప్పుడే వాడితే రేపు పనిచేయదు' అని ఇంటివాళ్లే మాత్రలు దాచేస్తారు. అక్కడ ముందు చెప్పాల్సింది వేళ గురించి: నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, నాలుగు గంటలకొకసారి వేసుకోవాలి. మధ్యలో నొప్పి పొడిస్తే రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు అదనం. రోజుకు 60 మి.గ్రా. వాడేవాళ్లకు అది 10.

మగత, వాంతి వచ్చినట్టుండటం మామూలుగా కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు. మార్ఫిన్ రాసిన చేత్తోనే, అదే రోజు విరేచనం సాఫీగా అయ్యేందుకు బిసాకోడిల్ గానీ సెన్నా గానీ రాయాలి. ఇది చెప్పనందువల్ల వారం తిరిగేసరికి కడుపు బిగుసుకొని, మందే మానేసేవాళ్లు ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ విరిగి తయారైన పదార్థాలు బయటికి పోక ఒంట్లో పేరుకుంటాయి. చేతులు ఉలిక్కిపడుతుంటే, నిద్రమత్తు పెరుగుతుంటే ఫోన్ చేయమని ముందే చెప్పి పెట్టాలి.

నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ పట్టీ అయితే మన ఎండల గురించి చెప్పకుండా ఇవ్వనే కూడదు. చర్మానికి వేడి తగిలితే మందు వేగంగా లోపలికి దిగుతుంది. వేడినీళ్ల సంచి పెట్టొద్దు, మే నెల మిట్టమధ్యాహ్నం రేకుల కింద పడుకోబెట్టొద్దు, జ్వరమొస్తే కబురు చేయాలి. మూడు రోజుల తర్వాత తీసేసిన పట్టీలోనూ మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందకుండా పారేయాలి.

హంద్రీగట్టు:
పెన్నమ్మగారూ, క్యాన్సర్ సంగతి వేరే, అక్కడ మీ మాటే నా మాట. నా ప్రశ్న నాపరాయి గనిలో నడుం పట్టేసినవాడి గురించి. అయిదు రోజులకు రాసిన చీటీ రెండు నెలలు నడుస్తుంది, అదే చీటీ చూపించి మళ్లీ మళ్లీ కొంటాడు. ఒకరోజు ఉన్నట్టుండి ఆపుతాడు. ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు జలదరింపు, కడుపులో మెలికలు, విరేచనాలు. అది మందు మానినందువల్లని తెలియక, నొప్పి తిరగబెట్టిందనుకొని మళ్లీ మొదలుపెడతాడు. సార్, మీరు చెప్పకుండా దాచిన ఒక్క మాట వల్లే ఈ చక్రం తిరుగుతోంది. ఒళ్లు అలవాటుపడటం వేరు, వ్యసనం వేరు. మొదటిది వారాల తరబడి వాడితే ఎవరికైనా వస్తుంది, అందులో సిగ్గుపడేదేం లేదు. 50 మి.గ్రా. రోజుకు నాలుగు వాడేవాడు డాక్టరును అడిగి వారానికొక మాత్ర చొప్పున తగ్గించుకోవచ్చు. ఈ మాత్రం చెప్పడానికి నిమిషం పట్టదు.

ఎముకలడాక్టరు:
'వారం దాటితే నన్ను అడగకుండా కొనొద్దు, వారాల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపొద్దు.' ఈ రెండూ చెప్పడానికి ఒప్పుకుంటాను. నల్లమందు పేరెత్తడానికి ఇప్పటికీ ఒప్పుకోను. చీటీ మీద రోజుల సంఖ్య రాయకపోవడం మాత్రం మా డాక్టర్ల తప్పే.

ప్రొద్దుటూరు మందులంగడి:
మాత్రలో ఏముందో పేరు చెప్పకపోతే ఇంకో చిక్కుండాది సార్. ట్రామడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిసిన మాత్రను రోజుకు ఆరు మింగేవాళ్లు 'ఇది వేరే, జ్వరానిది వేరే' అనుకొని నాలుగు డోలో 650 కూడా వేసుకుంటారు. 1950, 2600 కలిపితే 4550 మి.గ్రా. పారాసిటమాల్. పెద్దోళ్లకు రోజుకు 4000 దాటితే కాలేయానికి చేటు. ట్రామడాల్ రోజుకు 400 మించకూడదు, 75 ఏండ్లు దాటినోళ్లకు 300.

నా మట్టుకు కవరు వెనక తెలుగులో ఇంత రాయిస్తే చాలు: ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని, సారాతో గానీ నిద్రమాత్రతో గానీ వద్దు, మగతగా ఉంటే బండి తోలొద్దు, పన్నెండేండ్ల లోపు పిల్లలకు ఇయ్యొద్దు. మనిషి పిలిచినా పలక్కుండా గురక పెడతా, ఊపిరి బాగా నిదానమైతే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయల్ల. 'నిద్రపోతాండాడులే' అని ఇంటోళ్లు వదిలేసేది ఆ గురకనే.

పెన్నమ్మ:
గురక, 108 గురించిన ఆ వాక్యం కవరు మీద అన్నిటికంటే పైన, పెద్దక్షరాల్లో వేయించన్నా. అది చదవాల్సింది రోగి కాదు, పక్కన పడుకునేవాళ్లు.