ప్రెస్ సర్వర్‌లో 'ఫైల్‌పార్ట్' ఫైళ్లు మిగులుతున్నాయి, డిలీట్ చేయొచ్చా?

ప్రశ్న: మాది డీటీపీ సెంటర్. పుస్తకం ఫారాలు (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీలు) పీడీఎఫ్ చేసి, విన్‌ఎస్‌సీపీ అనే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌లో ప్రెస్ వాళ్ల సర్వర్‌కి పంపుతాం. నిన్న పంపినవన్నీ అక్కడ పేరు చివర 'డాట్ ఫైల్‌పార్ట్' తోకతో ఉన్నాయట, తెరుచుకోవట్లేదంటున్నారు. సూచనలు రాసిన నోట్‌ప్యాడ్ ఫైల్ ఒక్కటే మామూలుగా వెళ్లింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది.

జవాబు: అవి టెంపరరీ ఫైళ్లేనండీ. అన్నీ పీకేసి మళ్లీ పంపండి, గొడవ వదిలిపోతుంది.

మరో జవాబు: అయ్యో, ఆగండి! కరెంటు పోతే ఆ సమయంలో వెళ్తున్న ఫైల్ ఒక్కటే సగంలో ఆగాలి. అన్నిటికీ తోక ఉందంటే కారణం వేరే. విన్‌ఎస్‌సీపీ మామూలు సెట్టింగుల్లో, ఎస్‌ఎఫ్‌టీపీలో (సర్వర్‌కి భద్రంగా ఫైళ్లు పంపే పద్ధతి) పంపేటప్పుడు 100 కేబీ దాటిన ఫైల్‌ని ముందు ఈ తోక పేరుతో ఎక్కించి, మొత్తం చేరాక అసలు పేరు పెడుతుంది. మీ నోట్‌ప్యాడ్ ఫైల్ చిన్నది కాబట్టి నేరుగా వెళ్లింది. ఒక్కో ఫైల్ అయ్యాక, పేరు మార్చడం కుదరలేదని మెసేజ్ ఏమైనా వచ్చిందా?

ప్రశ్నించినవారు: వచ్చిందండీ. ట్రాన్స్‌ఫర్ పూర్తయిందనే ఉంది కదా అని స్కిప్ కొట్టుకుంటూ పోయాం.

మరో జవాబు: అయితే మీ లాగిన్‌కి ఎక్కించే అనుమతి ఉంది, పేరు మార్చే అనుమతి లేదన్నమాట. సర్వర్‌లో ఉన్నవాటి సైజులు, మీ దగ్గరున్న అసలు ఫైళ్ల సైజులు బైట్లలో పోల్చండి. మీ సిస్టమ్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే 'సైజ్' అని ఉన్న అంకె చూడాలి, 'సైజ్ ఆన్ డిస్క్' కాదు. బైటు తేడా లేకుండా సరిపోయినవాటికి ప్రెస్ వాళ్లు తోక తీసేస్తే చాలు, పీడీఎఫ్ తెరుచుకుంటుంది.

తక్కువున్నదాన్ని మళ్లీ పంపండి. ఆగిన చోటు నుంచి కొనసాగించాలా అని అడుగుతుంది. ఇక్కడ జాగ్రత్త. ఈలోగా ప్రూఫు దిద్ది పీడీఎఫ్ మళ్లీ తీసి ఉంటే 'నో' అనండి. 'ఎస్' అంటే పాత ఫైల్ మొదటి భాగానికి కొత్తదాని మిగతా భాగం అతుకుతుంది. పైగా మొత్తం సైజు కొత్తదానితో సరిపోతుంది, తప్పు పట్టుకోవడం కష్టం.

ప్రశ్నించినవారు: సైజులు చూశామండీ. ఏడో ఫారం ఒక్కటే తక్కువుంది, మిగతావన్నీ సరిపోయాయి. దిద్దుబాట్లేమీ లేవు కాబట్టి 'ఎస్' అంటాం. ఇకముందు అసలు తోకే రాకుండా చేయలేమా?

మరో జవాబు: చేయొచ్చు. ప్రిఫరెన్సెస్‌లో ట్రాన్స్‌ఫర్ కింద ఎండ్యూరెన్స్‌లోకి వెళ్లి 'డిసేబుల్' పెడితే నేరుగా అసలు పేరుతోనే వెళ్తుంది. నేనైతే అది ఆఖరికి చేస్తాను. తోక ఉంటేనే ప్రెస్ వాళ్లకి ఫైల్ ఇంకా పూర్తవలేదని తెలిసేది. అది లేకపోతే సగం వచ్చిన పీడీఎఫ్ కూడా పూర్తిదానిలాగే కనబడుతుంది, ఎవరో దానితోనే అచ్చుకి ప్లేటు తీయబోతారు. ముందు పేరు మార్చే పర్మిషన్ ఇమ్మని వాళ్ల సిస్టమ్స్ అతన్ని అడగండి, పెద్ద పనేం కాదు.

ఇంకోటి, సర్వర్‌లో మిగిలిన ఫైల్‌పార్టులు వాటంతట అవి పోవు. సైజు పెరగకుండా, మార్పు తేదీ పాతబడి ఉండి, అదే ఫారం పూర్తి ఫైల్ పక్కన ఉంటే నిశ్చింతగా తీసేయమనండి.