కేహెచ్ ఎంత వేసినా నిలబడట్లేదు, బుర్ర వేడెక్కిపోతోంది

పగడాలపిచ్చి:
అందరికీ నమస్కారం. సాయంత్రం నుంచి టెస్ట్ కిట్ ముందేసుకుని కూర్చున్నాను, ఇక ఓపిక లేదు. నా రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకులో, ఆల్కలినిటీ (కేహెచ్ అనేది దీన్నే) 5.8 డీకేహెచ్ దగ్గర మొండికేసింది. అది పెంచే బఫర్ పొడి వేస్తే కాసేపు పెరిగినట్టు కనిపిస్తుంది, తెల్లారేసరికి మళ్లీ అక్కడికే. వేసిన ప్రతిసారీ నీళ్లు తెల్లగా మసకబారుతున్నాయి. హీటరు మీదా, పంపు మీదా గోటితో గీకినా రాని తెల్లటి పెచ్చు కట్టింది. హ్యామర్ కోరల్ అనే పగడం ముడుచుకుపోయి కింద గట్టి అంచు బయటపడుతోంది. ఆక్రోపోరా పగడం మొదలు దగ్గర తెల్లబడుతోంది. చేపలు, అంటే క్లౌన్‌లు, బ్లూ టాంగ్ మాత్రం హాయిగా తింటున్నాయి. సాలినిటీ (నీళ్లలో ఉప్పు) పర్ఫెక్ట్, టెంపరేచర్ పర్ఫెక్ట్, నైట్రేట్ 5. ఇంకేం చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కెరటం:
మెగ్నీషియం?

సముద్రిక:
ట్యాంకు ఎన్ని లీటర్లు? బఫర్ అంటే ఏ పొడి? ఎంత, ఎక్కడ, ఎలా వేస్తున్నారు? కాల్షియం ఎంతుంది? ఇవేవీ చెప్పకుండా ఏం చూడాలని అడిగితే మేమేం చెప్పగలమండీ.

పగడాలపిచ్చి:
180 లీటర్లు. బఫర్ అంటే మామూలు బఫరే, అందరూ వాడేదే. కాల్షియం 350 పీపీఎం (పది లక్షల పాళ్లలో).

చేపలవాడు:
ఆగండాగండి. 180 లీటర్లలో బ్లూ టాంగా? కేహెచ్ సంగతి పక్కన పెట్టండి, ముందు దీనికి జవాబు చెప్పండి. ఆ చేప 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రీఫ్ మీద రోజంతా ఈదుతూనే ఉండే జాతి. షాపులో బొటనవేలంత పిల్లని చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు, అది పెరిగాక గోడకీ గోడకీ మధ్య తిరుగుతూ బెంబేలెత్తిపోతుంది. ఆ ఒత్తిడికి ముందొచ్చేది ఇక్ జబ్బు, ఒంటినిండా తెల్ల చుక్కలు. రీఫ్ ట్యాంకులో రాగి మందు వేయలేరు, రొయ్యలూ నత్తలూ పగడాలూ అన్నీ పోతాయి. అప్పుడు మళ్లీ ఇక్కడే ఇంకో పోస్టు పెడతారు. క్వారంటైన్ ట్యాంకు ఉందా అసలు?

పగడాలపిచ్చి:
సార్, టాంగ్ బాగానే ఉంది. చస్తున్నది పగడాలు.

అలలరాజు:
బ్రో, నీ పీహెచ్ ఎంత? నాది 7.8 ఉన్నప్పుడు నేనూ ఇలాగే కంగారుపడ్డా. పీహెచ్ తక్కువంటే ఆల్కలినిటీ తక్కువనే లెక్క. పీహెచ్ పెంచే పొడి వెయ్, 8.3కి వస్తే అన్నీ సర్దుకుంటాయి.

సముద్రిక:
కాదండీ. రెండూ ఒకటి కాదు. ఆల్కలినిటీ అంటే నీళ్లు ఎంత యాసిడ్‌ని తట్టుకోగలవో చెప్పే కొలత. సముద్రపు నీటిలో అది చాలావరకు బైకార్బొనేటే, పగడం తన అస్థిపంజరం కట్టుకునేది దాంతోనే. పీహెచ్ అలా కాదు, గదిలో గాలిని బట్టి కూడా మారుతుంది. తలుపులన్నీ మూసిన గదిలో నలుగురు నిద్రపోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి తెల్లారేసరికి పీహెచ్ 7.8కి పడొచ్చు, ఆల్కలినిటీ మాత్రం కదలదు. కిటికీ తీసినా, స్కిమ్మర్ (నురగతో మురికి లాగే యంత్రం) గాలి గొట్టం బయటికి పెట్టినా చాలు. పీహెచ్ చూసి పొడి వేయడం మొదలుపెడితే ఆల్కలినిటీ ఎక్కడికో పోతుంది.

అలలరాజు:
కేహెచ్ అంటే కార్బొనేట్ హార్డ్‌నెస్ అని డబ్బా మీదే రాసుంటుంది. హార్డ్‌నెస్ అంటే కాల్షియం, మెగ్నీషియం. మీరు ఆల్కలినిటీ అంటారేంటి?

సముద్రిక:
ఆ పేరు మంచినీళ్ల పరీక్షల నుంచి వచ్చింది. కిట్‌లో మీరు చుక్కలు లెక్కపెట్టి కొలిచేది ఆల్కలినిటీనే. ల్యాబ్‌లో వాడే కొలతలో లీటరుకి 1 మిల్లీ ఈక్వివలెంట్ అంటే 2.8 డీకేహెచ్.

అలలరాజు:
డబ్బా చేసినవాళ్లకి తెలీదంటారా?

కెరటం:
మెగ్నీషియం ఎంతో ఇంకా చెప్పలేదు.

పగడాలపిచ్చి:
ఇప్పుడే చేశా. 1080. బఫర్ అంటే బేకింగ్ సోడాని ఓవెన్‌లో కాల్చి చేసుకున్న పొడి. ఒక పెద్ద చెంచాడు కప్పు నీళ్లలో కలిపి నీళ్లని తిరిగి ట్యాంకులోకి పంపే రిటర్న్ పంపు గదిలో పోస్తాను, దాని వెనకే కాల్షియం క్లోరైడ్ కూడా. అందరూ అలాగే చేస్తారు కదా?

కెరటం:
అదీ సంగతి. మెగ్నీషియం 1300 దాకా తీసుకెళ్లు.

సముద్రిక:
కప్పులో కలిపి ఒక్కసారిగా పోస్తే తెల్లబడక ఏమవుతుందండీ! కాల్చిన బేకింగ్ సోడా అంటే సోడా యాష్, అది పడిన చోట పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. వెనకే కాల్షియం పోస్తే రెండూ అక్కడికక్కడే కలిసి కాల్షియం కార్బొనేట్ అయిపోతాయి. మీ హీటరు మీద పెచ్చు అదే. పగడాలకి వెళ్లాల్సింది పంపుకి పోతోంది. 2.8 డీకేహెచ్ అలా పేరుకుపోతే దాంతోపాటు 20 పీపీఎం కాల్షియం కూడా పోతుంది.

కెరటం:
మెగ్నీషియం సరిగ్గా ఉంటే అంత పేరుకోదు. ఆ పెచ్చు స్ఫటికాల మీద అంటుకుని అవి పెరగకుండా ఆపేది అదే.

సముద్రిక:
ఆపుతుంది, కాదనను. అలాగని గుప్పెడు సోడా యాష్ గుమ్మరిస్తే ఎంత మెగ్నీషియం ఉన్నా ఆపలేదు. ఇంకోటి చూడండి. సముద్రంలో కాల్షియం సుమారు 420, మెగ్నీషియం 1290, ఆల్కలినిటీ 7. వీరి ట్యాంకులో 350, 1080, 5.8. మూడూ దాదాపు ఒకే పాళ్లలో, ఆరో వంతు తగ్గాయి. పగడాలు తినేస్తే మెగ్నీషియం ఇంతలా తగ్గదు. నాకు ఉప్పు మీదే అనుమానం. పగడాలపిచ్చి గారూ, సాలినిటీ దేంతో కొలిచారు?

పగడాలపిచ్చి:
ప్లాస్టిక్ డబ్బాలో ముల్లు లేచేది ఉంటుంది కదా, దాంతో. ఎప్పుడు చూసినా సాంద్రత 1.025 (మంచినీళ్లకి 1). అందుకే పర్ఫెక్ట్ అన్నాను.

సముద్రిక:
ముల్లుకి చిన్న గాలిబుడగ అంటుకున్నా పైకి లేచి ఎక్కువ చూపిస్తుంది. నీళ్లు పోశాక డబ్బాని గట్టుమీద రెండు మూడుసార్లు తట్టి బుడగలు పోయాకే చూడాలి, అప్పటికీ పూర్తిగా నమ్మలేం. రిఫ్రాక్టోమీటరుతో, అంటే కాంతి వంగడాన్ని బట్టి ఉప్పు కొలిచే పరికరంతో చూడండి. దాన్ని ఉత్త నీళ్లతో సున్నాకి తెచ్చి వదిలేయకుండా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు, సముద్రంలో ఉన్నంత) ద్రావణంతో సరిచేయండి, మనకి కావాల్సిన చోట సరిగ్గా చూపించాలి కదా. స్కిమ్మర్ కప్పు పల్చగా నిండుతోందా? తగ్గిన నీళ్ల బదులు మంచినీళ్లు దానంతటదే పోసే ఆటో టాప్ ఆఫ్ ఉందా?

పగడాలపిచ్చి:
రెండూ అవును. కప్పులో టీ రంగు నీళ్లు బాగా వస్తున్నాయి, మురికి బాగా లాగుతోందని సంతోషపడుతున్నా.

సముద్రిక:
ఆ టీ నీళ్లు ఉప్పునీళ్లండీ. స్కిమ్మర్ ఉప్పునీళ్లు లాగేస్తుంటే ఆటో టాప్ ఆఫ్ వాటి బదులు మంచినీళ్లు పోస్తోంది. ఆవిరైతే ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది, కప్పులోకి పోతే తిరిగి రాదు. కప్పు కాస్త పైకెత్తి చిక్కగా వచ్చేలా పెట్టండి.

చేపలవాడు:
ఇంత పెద్ద చర్చలో ఒక్కరూ టాంగ్ గురించి మాట్లాడరేం?

పగడాలపిచ్చి:
రిఫ్రాక్టోమీటర్ దొరికింది. సరిచేసి చూస్తే 29. ఇప్పుడు ఉప్పు నేరుగా వేసేయనా?

కెరటం:
వద్దు.

సముద్రిక:
అస్సలు వద్దు. టాప్ ఆఫ్ డబ్బాలో మంచినీళ్ల బదులు 35కి కలిపిన ఉప్పునీళ్లు పెట్టండి, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మెల్లగా పెరుగుతుంది. రోజుకి 1 పీపీటీ మించకుండా చూసుకోండి, 35 రాగానే మళ్లీ మంచినీళ్లకి మారండి. ఉప్పు సరిపోతే మూడు అంకెలూ వాటంతటవే చాలావరకు పైకొస్తాయి. అప్పటిదాకా మెగ్నీషియం విడిగా వేయొద్దు, తర్వాత హద్దు దాటిపోతుంది. ఆ తర్వాత కూడా కేహెచ్ తగ్గితే కాల్చని బేకింగ్ సోడా చాలు. 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది. రాళ్లు పోను మీకు 150 లీటర్లుంటే నాలుగున్నర గ్రాములు, రోజుకి అంతకన్నా వద్దు. బాగా కరిగించి, నీళ్లు జోరుగా పారే చోట సన్నధారగా పోయండి. కాల్షియం వేరే పూట. పెచ్చు కట్టిన హీటరు, పంపు వెనిగర్‌లో నానబెడితే శుభ్రమవుతాయి. హీటరు ప్లగ్ తీసి చల్లారాకే తీయండి.

కెరటం:
35 వచ్చాక మెగ్నీషియం మళ్లీ చూడు. తక్కువే ఉంటుంది.

సముద్రిక:
ఉంటే అప్పుడు చూద్దాం.

అలలరాజు:
అంటే పీహెచ్ ఎవరూ అడగరన్నమాట. సరే.

పగడాలపిచ్చి:
ఉప్పు పెరుగుతోంది, నీళ్లు తెల్లబడటం ఆగింది. హ్యామర్ సగం తెరుచుకుంది. ఆక్రోపోరా డౌటే. థాంక్స్ అందరికీ.

చేపలవాడు:
టాంగ్?

రీఫ్‌కొత్త:
నాకూ ఇదే సమస్యండీ, కాకపోతే నా కేహెచ్ 13 వస్తోంది, తగ్గట్లేదు. కొత్త పోస్టు పెట్టాలా, ఇక్కడే అడగొచ్చా?