తులసీదాస్ బలరాం: అవుట్‌సైడ్ లెఫ్టా, ఇన్‌సైడ్ లెఫ్టా?

సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ, ఫుట్‌బాల్ ఆటగాడు బలరాం ఆడిన మ్యాచ్‌లకు స్థానాల పట్టిక తయారవుతోంది, సాయం కావాలి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది ఆయనే. అయితే ఎడమ వింగ్ నుంచా (మైదానం ఎడమ అంచున ఆడే అవుట్‌సైడ్ లెఫ్ట్), లోపలి నుంచా (ఆ అంచుకూ మధ్యకూ నడుమ ఆడే ఇన్‌సైడ్ లెఫ్ట్) అన్నచోటే చిక్కు. చాలా జాబితాల్లో ‘ఫార్వర్డ్’ (ముందు వరుసలో దాడి చేసే ఆటగాడు) అని రాసి వదిలేస్తారు, అది దేనికీ పనికిరాదు.

ఆనాటి పత్రికలు ఐదుగురు ఫార్వర్డ్‌లను సాధారణంగా కుడి నుంచి ఎడమకు వరుసగా ఇచ్చేవి. నాలుగో పేరు ఇన్‌సైడ్ లెఫ్ట్, ఐదోది అవుట్‌సైడ్ లెఫ్ట్. మధ్యలో చోట్లు మారితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి కథనం మొత్తం చదవాలి. చొక్కా నంబరు ఒక్కదాన్నే నమ్మకండి.

1961లో ఈస్ట్ బెంగాల్ క్లబ్ కెప్టెన్‌గా బలరాం ఆడిన కలకత్తా లీగ్ మ్యాచ్‌ల పత్రిక కత్తిరింపులు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? తేదీ, ప్రత్యర్థి, ఆ ఐదు పేర్లు కనిపించేలా ఫొటో పెడితే చాలు. ఊపిరితిత్తుల జబ్బుతో 27 ఏళ్లకే ఆట మానేశారు గనుక వెతకాల్సిన సీజన్లు కొన్నే. హైదరాబాద్ తరఫున ఆడిన తొలి రోజుల ఉర్దూ పత్రికలున్నా సరే, చదివిపెట్టేవాళ్లు కూడా కావాలి.