పిల్లులున్న ఇంట్లో చేత్తో కుట్టిన బొంత పసిపాపకు ఇవ్వకూడదా?

కుట్టుపెట్టె (రాజమండ్రి):
అందరికీ నమస్కారం. రిటైరయ్యాక చిన్న బొంతలు కుట్టడం మొదలుపెట్టాను. మెషీన్ వాడను, ముక్కా ముక్కా చేత్తోనే కలుపుతాను. ఇంట్లో నేనూ, రెండు పిల్లులూ. తెల్లది పెద్దది, చారలది చిన్నది.

మా అక్క కూతురు కడుపుతో ఉందని తెలిసిన రోజే మా అమ్మ చీరలు మూడు పెట్టెలోంచి తీశాను. రెండు మంగళగిరివి, ఒకటి వెంకటగిరిది. గంజి పోయేదాకా ఉతికి, చిరుగులు లేని చోట్లు ఏరి అయిదంగుళాల చదరాలు 80 కోశాను. అట్టముక్క పెట్టి వెనకవైపు పెన్సిల్‌తో గీత గీసుకోవడం, చుట్టూ పావంగుళం వదిలి ఆ గీత మీదే కుట్టడం. అంగుళానికి ఎనిమిది, తొమ్మిది కుట్లు. వరసకు ఎనిమిది ముక్కలు, మొత్తం పది వరసలు. మధ్యలో నాన్న పంచె రెండు మడతలు, అడుగున చీర. రెండున్నర నెలలు పట్టింది. కుడుతున్నంతసేపూ తెల్లది నా పక్కనే పడుకునేది, చారలది దారం కదిలితే చాలు వచ్చేసేది.

ఇచ్చేముందు రెండుసార్లు ఉతికాను. మూడు రోజులు ఎండలో వేశాను. జిగురు టేపుతో అద్ది అద్ది కంటికి కనిపించిన ప్రతి వెంట్రుకా తీశాను. బారసాలనాడు పాప కింద పరిచారు కూడా. వారం తర్వాత అమ్మాయి మెసేజ్ పెట్టింది: "పిన్నీ, పిల్లి బొచ్చు తగిలినవి పాపకు వద్దంటున్నారు ఇంట్లో. బొంత బీరువాలో పెట్టాను, ఏమీ అనుకోకు."

నాలుగు నెలలైంది. పిల్లులున్న ఇంట్లో కుట్టిన బొంత పసిపిల్లకు ఇవ్వడం తప్పా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు:
ఫోటో పెట్టండి అక్కా, చూడాలని ఉంది.

పాతమంచం (కదిరి):
ముందు ఒక మాట సరిచేయాలి. మీరు కుట్టింది బొంత కాదమ్మా. బొంతకు చీరలు కొయ్యరు. మడత మీద మడత పరిచి, నాలుగు అంచులూ లోపలికి మడిచి, అన్ని పొరల్లోంచీ ఒకేసారి సూది దింపుతారు. బయటినుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. చిరిగిన చోట మాత్రం అతుకు. ఉద్యోగంలో ఉండగా ఉత్తర కన్నడలో హళియాళలో మూడేళ్ళు ఉన్నాను. అక్కడ ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ ఆడవాళ్ళు కవందీ అని కుడతారు. అదీ అంతే, ఒక మూల నుంచి మొదలై చుట్టూ తిరిగి మధ్యలో ముగుస్తుంది. ముక్కలున్నా వాటిని విడిగా కలిపి పైభాగం తయారుచేయరు, కింద పరిచిన చీర మీదే పెట్టి కుట్టేస్తారు. నాలుగు మూలల్లో గుడ్డను త్రికోణంగా మడిచి పెడతారు, వాటిని ఫూల అంటారు. బాగున్న చీరను చదరాలుగా కోసి మళ్ళీ కలపడం మన పద్ధతి కాదు.

కుట్టుపెట్టె:
అయ్యా, పేరు ఏదైనా కానివ్వండి. నేనడిగింది పిల్లుల గురించి.

ఆరోవార్డు (విశాఖ):
ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, చాలాభాగం పిల్లల వార్డులోనే. నాకు తెలిసింది చెప్తాను.

పిల్లి అనగానే అందరూ టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పేరు చెప్తారు. అది పిల్లి మలంలో వచ్చేది, బొచ్చులో ఉండేది కాదు. బయటపడ్డాక కూడా ఇంకొకరికి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. జాగ్రత్త ప్రధానంగా గర్భిణులకు. పిల్లి దొడ్డికెళ్ళే మట్టి పెట్టెను వాళ్ళు శుభ్రం చేయకూడదు, చేసేవాళ్ళు రోజూ చేయాలి. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూరలతో కూడా అదే వస్తుంది. బొంతకూ దీనికీ సంబంధం లేదు.

అలర్జీ వేరే సంగతి. అది వెంట్రుక వల్ల కాదు. పిల్లి ఉమ్మిలోనూ, చర్మంలోని గ్రంథుల్లోనూ ఫెల్ డి 1 అనే ప్రోటీన్ తయారవుతుంది, పిల్లి ఒళ్ళు నాక్కుంటుంది కాబట్టి అది బొచ్చంతా పాకుతుంది. టేపుతో వెంట్రుకలు తీసినంత మాత్రాన పోదు, ఉతికితే బాగా తగ్గుతుంది. మీరు రెండుసార్లు ఉతికారు, మంచిపని.

ఇక అసలు సంగతి. ఏడాది నిండని పిల్లలు నిద్రపోయే చోట బొంత, దిండు, మెత్తటి దుప్పటి ఏదీ ఉండకూడదు. ముఖం మీద పడితే ఊపిరాడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. పిల్లి ఉన్నా లేకపోయినా, చేత్తో కుట్టినా మెషీన్ మీద కుట్టినా ఇది మారదు. పాప మెలకువగా ఉన్నప్పుడు, పక్కన పెద్దవాళ్ళుండగా, నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టుకోవచ్చు.

నూలుకండె (గుంటూరు):
ఇక్కడ పాప గురించే మాట్లాడుతున్నారు, పిల్లి గురించి ఎవరూ అనరేం? నేనూ కుట్టేదాన్ని. పోయినేడు సంక్రాంతి ముందు మా పిల్లి దారం మింగింది, మూరెడు ఉంటుంది. రెండు రోజులు వాంతులు. దగ్గరున్న క్లినిక్‌కు తీసుకెళ్తే అజీర్తి అని మందిచ్చి పంపేశారు. మూడో రోజు నాలుక ఎత్తి చూస్తే అడుగున దారం చుట్టుకుని ఉంది. అప్పటికే పేగులు ముడుచుకుపోయాయన్నారు. దక్కలేదు.

పిల్లి నాలుక మీద ముళ్ళు లోపలికి తిరిగి ఉంటాయి. నోట్లోకి పోయిన దారాన్ని ఉమ్మేయలేదు, మింగాల్సిందే. నోట్లోంచో వెనకనుంచో కొస కనిపిస్తే లాగొద్దు, పేగు కోసుకుపోతుంది. వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. పిల్లులున్న ఇంట్లో ఈ పని చేయకూడదనే నేనంటాను. మీ బొంత ఎవరు వాడతారన్నది తర్వాత.

కుట్టుపెట్టె:
అయ్యో, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. నా పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నా దగ్గర సూదులు ఏడే. ఫ్లానెల్ గుడ్డలో వరసగా గుచ్చి ఉంచుతాను. పొద్దున కూర్చునేముందు లెక్కపెడతాను, సాయంత్రం లేచేముందు మళ్ళీ లెక్కపెడతాను. ఏడూ ఉంటేనే దీపం పెట్టడానికి లేస్తాను. తెంపిన దారం కొస చేతిలోంచి నేల మీద పడదు, నేరుగా మూతున్న డబ్బాలోకే. ఫోన్ మోగితే కండె కూడా డబ్బాలో పెట్టాకే ఎత్తుతాను. ఆరేళ్ళుగా ఇంతే.

నూలుకండె:
ఆరేళ్ళుగా ఏమీ కాలేదంటే ఇక కాదని కాదు. నేనూ జాగ్రత్త మనిషినే.

రెండోకాన్పు (హైదరాబాద్):
నేను అటువైపు నుంచి చెప్తాను. నా మొదటి బాబుకు మా అత్తగారు బొంత కుట్టి పంపారు. వాళ్ళింట్లోనూ పిల్లి ఉంది. బాబుకు నాలుగో నెలలో పిల్లికూతలు మొదలయ్యాయి, రాత్రంతా భుజాన వేసుకుని తిరిగేవాళ్ళం. బొంత తీసేశాం. తగ్గింది. అక్కా, మీ అమ్మాయి చేసింది సరైన పనే. పాపను కన్నది ఆ అమ్మాయి, నిర్ణయం కూడా ఆ అమ్మాయిదే.

కుట్టుపెట్టె:
బొంత వల్లే వచ్చిందని డాక్టర్ చెప్పారా?

రెండోకాన్పు:
తీసేశాక తగ్గిందని చెప్పాను కదా. తల్లికి ఇంకేం రుజువు కావాలి?

ఆరోవార్డు:
ఆ వయసులో జలుబు వైరస్‌తో కూడా పిల్లికూతలు వస్తాయమ్మా, వారం పదిరోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. బొంత కాదనీ చెప్పలేం, అవుననీ చెప్పలేం. నిద్రలో వద్దన్నానే, ఆ మాట ఎవరైనా చదివారా?

హ్యూస్టన్‌వాసి:
ముక్కలు కోసి కలపడం తక్కువ పని అన్నట్టు పాతమంచం గారు రాశారు. అమెరికాలో ఆలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలు, జీన్స్ చింపి ముక్కలు కలిపి క్విల్టులు కుట్టారు, చలికి కప్పుకోవడానికి. 2002లో మా ఊరి ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో వాటి మీద తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. ముక్కలదీ గొప్ప పనే.

పాతమంచం:
వాళ్ళు పాడైపోయిన బట్టలు చింపారు. మంచి చీరలకు కత్తెర వేయలేదు. నేను మొదటినుంచీ చెప్తున్నది అదే.

గోదారిగట్టు:
మా నాయనమ్మ బొంత ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాని మీద తప్ప మా పిల్లి ఎక్కడా పడుకోదు.

పాతమంచం:
ఇంకొక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. తల్లి చీరలు మూడు. ఆమె కట్టుకుని తిరిగినవి. వాటిని 80 ముక్కలు చేశారు. ఇప్పుడు ఎవరో బీరువాలో పెట్టారని బాధపడుతున్నారు. కోసినప్పుడు లేని బాధ దాచినప్పుడు ఎందుకు?

కుట్టుపెట్టె:
ఈ మాట అనడానికి మీరెవరు? అమ్మ మంచాన పడ్డ నాలుగేళ్ళూ ఆ చీరలు ఉతికింది నేను, ఆరేసింది నేను, కట్టింది నేను. ఎక్కడ నూలు పలచబడిందో, ఎక్కడ కూర పడి మరక ఉందో నా వేళ్ళకు తెలుసు. నడుము దగ్గర అరిగిపోయింది, కుచ్చిళ్ళ దగ్గర గట్టిగా ఉంది. ఆ గట్టిగా ఉన్న చోటే కోశాను. కోసేటప్పుడు బాధ లేదని మీకెవరు చెప్పారు?

అసలు సంగతి కూడా చెప్తాను. మొదట రాయలేదు, రాయడానికి మనసొప్పలేదు. బారసాలనాడు వంటింట్లో ఆ అమ్మాయి అత్తగారు ఎవరితోనో అంటుంటే విన్నాను. "పిల్లలూ జెల్లలూ లేని మనిషి, ఆ పిల్లుల మధ్య కూర్చుని కుట్టింది, అది బిడ్డ కింద వేస్తామా" అని. పిల్లి బొచ్చు కాదు వాళ్ళ అభ్యంతరం. బొచ్చయితే ఇంకో నాలుగుసార్లు ఉతికేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు, నా ఇంట్లో మనుషులు లేరు. అందుకని నా చేతి కుట్టు పనికిరాదా?

నూలుకండె:
ఇది ముందే చెప్పాల్సింది అక్కా. నేనేదో రాసుకుంటూ పోయాను.

రెండోకాన్పు:
ఆవిడ అన్నది చాలా తప్పు. ఆ మాట నా చెవిన పడితే ఊరుకునేదాన్ని కాదు. కానీ అక్కా, నాదీ పూర్తిగా చెప్పలేదు. మా అత్తగారు బొంత పంపాక ప్రతి వీడియో కాల్‌లోనూ "బొంత వేశావా? ఏదీ చూపించు" అనేవారు. బాబుకు ఊపిరాడక నేను ఏడుస్తుంటే కూడా ముందు అడిగింది బొంత గురించే. నాకు ఆ గుడ్డను చూస్తే టెన్షన్ వచ్చేది. పిల్లి వల్లో కాదో నాకూ తెలియదు. తీసేయడానికి ఒక కారణం కావాల్సి వచ్చింది, పిల్లి అన్నాను. "ఇది నాకు వద్దు" అని కోడలు అనగలదా?

మీ అమ్మాయి కూడా అదే చేసిందేమో. "ఇంట్లో అంటున్నారు" అని రాసింది, తను అన్నానని రాయలేదు. పారేయలేదు, ఎవరికీ ఇవ్వలేదు. మీరు ఈ నాలుగు నెలల్లో ఎన్నిసార్లు అడిగారు?

కుట్టుపెట్టె:
రెండుసార్లు. కాదు, మూడు.

ఆరోవార్డు:
ఇక అడగకండి. ఏడాది నిండాక కప్పుకోవచ్చని మాత్రం ఒకసారి రాయండి. అప్పటిదాకా బీరువాలో ఉండటమే మంచిది, అది నిజంగా పాప మంచికే. ఆ అమ్మాయికి కూడా అత్తగారి ముందు ఒక జవాబు దొరుకుతుంది.

పాతమంచం:
అమ్మా, నేను రాసిన మాట తప్పు. క్షమించు.

మా అమ్మ ఊళ్ళో బొంతలు కుట్టేది, కూలికి. వాళ్ళ చీరలు, వాళ్ళ పంచెలు, మా అరుగు మీద. గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టేది. మేం పిల్లలం ఆ బొంత మీద కాలు పెడితే వీపు పగిలేది, ఎందుకంటే అది మాది కాదు. తన చీరలతో మాకంటూ ఒక్కటీ కుట్టలేదు, తీరిక దొరకలేదు. పోయాక ఆమె చీరలు ఆరు మిగిలాయి. నేను డ్యూటీ నుంచి వచ్చేలోపు అందరూ కలిసి ముక్కలుగా పంచేసుకున్నారు, జ్ఞాపకానికని. నా వంతు జేబురుమాలంత వచ్చింది. దాన్ని చూస్తే అమ్మ గుర్తురాదు, కత్తెరే గుర్తొస్తుంది. అందుకే నీ చదరాల గురించి చదవగానే అలా రాశాను.

కుట్టుపెట్టె:
ఆ ముక్క ఇంకా ఉందా?

పాతమంచం:
ఉంది. ముదురు ఎరుపు, అంచు లేదు.

కుట్టుపెట్టె:
అన్నా, ఒక తెల్లని నూలు గుడ్డ తీసుకోండి, దుప్పటంత. దాని మధ్యలో ఆ ముక్క పెట్టి, అంచులు పావంగుళం లోపలికి మడిచి కనిపించకుండా కుట్టండి. ఎక్కడా కొయ్యక్కర్లేదు. తర్వాత మీరు చెప్పినట్టే అంచుల నుంచి చుట్టూ తిరుగుతూ రండి, కుట్టు వచ్చి ఆ ముక్క దగ్గర ఆగుతుంది. ఎరుపు కాబట్టి ముందు ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో అద్ది చూడండి, రంగు దిగుతుందేమో. దిగితే విడిగా నానబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చాలి.

నా దగ్గరా మూడు చీరల కొంగులు అలాగే ఉన్నాయి, కొయ్యలేదు. వెంకటగిరిది జరీ కాస్త నల్లబడింది. పాపకు ఏడాది నిండేలోపు వాటితో ఇంకేదైనా కుడదామా అనుకుంటున్నాను.

పాతమంచం:
కొంగులు కొయ్యొద్దమ్మా.