చిన్న సముద్రతీర నగరంలో బస: తీరానికి ఎదురుగానా, ఊరి లోపలా?

దూరప్రయాణి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే సెలవుల్లో కుటుంబంతో ఒక చిన్న సముద్రతీర నగరానికి వెళ్లి కొన్ని రోజులు ఉండాలనుకుంటున్నాము. మాతో మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు, నీళ్లంటే ప్రాణమైన ఎనిమిదేళ్ల మా అబ్బాయి వస్తున్నారు. సొంత వాహనం ఉండదు. రైల్లో వెళ్లి రైల్లోనే తిరిగి వస్తాము. పటంలో చూస్తే బసకు వీలైన చోట్లు నాలుగు కనిపిస్తున్నాయి: సముద్రానికి ఎదురుగా ఉన్న బీచ్ రోడ్డు, చేపల రేవును ఆనుకొని ఉన్న పాత ఊరు, రైల్వే స్టేషన్ పరిసరాలు, ఊరికి దూరంగా ఏకాంతంగా ఉన్న రిసార్టులు. సముద్రం కోసం అంత దూరం వెళ్లి సముద్రం కనిపించని గదిలో ఉండటం ఎందుకని మావారు అంటున్నారు. అయితే సముద్రం కనిపించే గదుల అద్దె మిగిలినవాటికంటే చాలా ఎక్కువగా ఉంది. పైగా రాత్రిపూట భోజనానికో, మందుల దుకాణానికో వెళ్లాలంటే అక్కడి నుంచి ఎంత దూరం నడవాలో తెలియడం లేదు. ఇటువంటి ఊళ్లలో ఉండి వచ్చినవారు, ఏ వైపు గది తీసుకుంటే మంచిదో, డబ్బు కట్టే ముందు ఏమేమి కనుక్కోవాలో దయచేసి చెప్పగలరు.

రేవుగాలి:

మీ అవసరాలను బట్టి చూస్తే, తీరం వెంబడి ఉన్న మొదటి వరుసను విడిచిపెట్టి, దాని వెనుక రెండో వీధిలోనో మూడో వీధిలోనో, పాత ఊరు బీచ్ రోడ్డును కలిసే వైపున గది చూసుకోమని చెబుతాను. దీనికి మొదటి కారణం ఊరి ఆకారమే. లోతట్టు ఊళ్లో ఒక హోటల్ చుట్టూ పది నిమిషాల నడక దూరంతో వృత్తం గీస్తే ఆ వృత్తమంతా వీధులే ఉంటాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్ చుట్టూ అదే వృత్తం గీస్తే సగం నీళ్లే ఉంటాయి. మిగిలిన సగంలోనూ తీరం వెంబడి ఉద్యానవనమో, ఖాళీ స్థలమో, ప్రభుత్వ కార్యాలయాల ప్రాంగణమో ఉంటే, చీకటి పడ్డాక నడిచి వెళ్లగలిగే దుకాణాలు చాలా తక్కువగా మిగులుతాయి. చిన్న నగరాల్లో రాత్రి బస్సులు, ఆటోలు కూడా త్వరగా పలచబడతాయి కనుక, సొంత వాహనం లేనివారికి ఈ లోటు బాగా తెలుస్తుంది.

రెండో కారణం ఉప్పు గాలి. అలలు విరిగినప్పుడు లేచే సన్నని ఉప్పు తుంపర గాలిలో కలిసి లోహాన్ని తినేస్తుంది. తీరానికి దగ్గరయ్యే కొద్దీ ఆ ప్రభావం తీవ్రంగా ఉంటుంది. అందువల్ల మొదటి వరుసలోని భవనాల్లో ఏసీ బయటి భాగాలు, కిటికీ గడియలు, బాల్కనీ కమ్మీలు, లిఫ్టులు తొందరగా పాడవుతాయి. యజమాని ఏటా మరమ్మతులు చేయించే భవనం చక్కగానే ఉంటుంది, చేయించనిది కొన్నేళ్లకే శిథిలమైనట్టు కనిపిస్తుంది. కాబట్టి ముందు వరుసలో గది తీసుకోదలిస్తే హోటల్ వారు పెట్టిన ఫోటోలను కాక, గత కొద్ది నెలల్లో అక్కడ ఉన్నవారు పెట్టిన ఫోటోలను చూడండి. స్నానాల గదిలో కుళాయిలు, కిటికీల అంచులు తుప్పు పట్టి ఉంటే ఆ భవనాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థం.

ఇక పాత ఊరి గురించి ఒక హెచ్చరిక చేయాలి. రేవు పక్క వీధులు పగలు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి. నాకు వ్యక్తిగతంగా తీర నగరాల్లో అన్నిటికంటే నచ్చే చోటు అదే. అయినా చేపల రేవుకు తెల్లవారుజామే అసలు పని వేళ. పడవల ఇంజన్లు, ఐసు దింపే లారీలు, వేలంపాటల కేకలు తెల్లవారకముందే మొదలవుతాయి. రేవు గోడకు ఆనుకొని కాకుండా నాలుగైదు వీధులు లోపలికి ఉంటే ఆ అందమూ దక్కుతుంది, నిద్రా దక్కుతుంది. రైల్వే స్టేషన్ పక్కన ఉండటం వేళగాని వేళ రైలు దిగేవారికి ఒక రాత్రి మట్టుకు సౌకర్యం, అంతే.

నడకదారి:

పై సలహాలో చాలా భాగంతో ఏకీభవిస్తున్నాను కానీ, సముద్రం కనిపించే గదిని అంత సులువుగా వదిలేయకూడదని నా అభిప్రాయం. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇసుకలో నడవడం చాలా కష్టం. అడుగు వేసిన ప్రతిసారీ పాదం కుంగుతుంది, పట్టుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు. మీరంతా నీటి దగ్గరకు వెళ్లినప్పుడు మీ అత్తగారు గదిలోనే ఉండిపోవలసి వస్తే, ఆవిడకు ఆ కిటికీయే సముద్రం. ఇంట్లో అందరికంటే తక్కువ నడవగలిగే మనిషిని దృష్టిలో పెట్టుకొని గదిని ఎంచుకుంటే మిగిలినవారు ఎలాగూ సర్దుకోగలరు.

అయితే ‘సీ వ్యూ’ అన్న మాటకు ఒక్కో హోటల్ ఒక్కో అర్థం చెబుతుందని గుర్తుంచుకోండి. బాల్కనీ చివర నిలబడి మెడ తిప్పితే రెండు భవనాల సందులో కనిపించే నీటినీ ఆ పేరుతోనే అమ్ముతారు. గది నేరుగా సముద్రం వైపు తిరిగి ఉందా, ఎన్నో అంతస్తు, ఎదుట చెట్లు గానీ కొత్త కట్టడం గానీ అడ్డు ఉన్నాయా అన్నవి అడిగి తెలుసుకోవాలి. తీరం తూర్పు వైపు ఉంటే సముద్రం వైపు గదిలో ఉదయపు ఎండ పడి మధ్యాహ్నానికి తగ్గిపోతుంది. పడమటి తీరమైతే మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ నేరుగా గదిలోకి వస్తుంది, నీటి మీది మెరుపు కళ్లలో పడుతుంది. గాలి విషయంలో మాత్రం ముందు వరుసదే పైచేయి. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కడం వల్ల సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకు వీస్తుంది, మధ్యాహ్నం దాటాక అది బాగా బలపడుతుంది; ముందు వరుసలో ఎత్తయిన భవనాలు గోడలా నిలిచి ఉంటే వెనుక వీధులకు ఆ గాలి సరిగా చేరదు.

దూరప్రయాణి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అత్తగారి కోణం నుంచి నేను ఇంతగా ఆలోచించలేదు. మరో రెండు సందేహాలున్నాయి. మా అబ్బాయి తప్పకుండా నీళ్లలోకి దిగుతానంటాడు. అందుకు ఏకాంతంగా ఉన్న రిసార్టు తీరం మంచిదా, జనం ఎక్కువగా ఉండే ఊరి తీరం మంచిదా? మేము వెళ్లే నాటికి వానలు పూర్తిగా తగ్గకపోవచ్చు కూడా. దాన్ని బట్టి బస మార్చుకోవలసి ఉంటుందా?

అలలసవ్వడి:

పిల్లవాడు నీళ్లలోకి దిగేటట్లయితే లైఫ్‌గార్డులు ఉండే తీరానికి నడిచి వెళ్లగలిగే చోటే ఉండండి. నా దృష్టిలో ఇది అందం కంటే, అద్దె కంటే ముందు చూడవలసిన విషయం. రిసార్టు ముందున్న ఖాళీ తీరం ఎంత ప్రశాంతంగా కనిపించినా, అక్కడ ఏదైనా జరిగితే చూసేవారు ఉండరు. ఒడ్డుకు వచ్చిన నీరు ఇరుకైన దారి గుండా బలంగా లోపలికి తిరిగి వెళ్లే ప్రవాహాన్ని రిప్ కరెంట్ అంటారు. ఆ దారిలో అలలు విరగకుండా నీరు నిమ్మళంగా ఉన్నట్టు కనిపిస్తుంది కనుక, తెలియనివారు సరిగ్గా అక్కడే దిగుతారు. నదీ ముఖాలు, రేవు గోడలు, రాతి కట్టల పక్కన ఇటువంటి ప్రవాహాలు తరచుగా ఉంటాయి. చాలా దేశాల్లో ఎరుపు, పసుపు రంగులున్న రెండు జెండాల నడుమ భాగంలోనే లైఫ్‌గార్డుల పర్యవేక్షణ ఉంటుంది. ఎర్ర జెండా ఒక్కటే ఎగురుతుంటే ప్రమాదమని హెచ్చరిక. మీరు తీసుకునే గదికి ఆ జెండాలు ఎంత దూరమో హోటల్ వారినే అడగండి.

వానల విషయంలో అలల ఎత్తు కంటే ముందు మురుగు కాలువలను గురించి ఆలోచించాలి. తీర నగరాల్లో వాననీరు సాధారణంగా సముద్రంలోకో ఉప్పుటేరులోకో పోతుంది. పోటు సమయంలో సముద్ర మట్టం పెరిగినప్పుడు కాలువల నీరు బయటికి పోలేక ఆగిపోతుంది, కొన్నిచోట్ల వెనక్కి తన్నుతుంది. అదే సమయానికి భారీ వాన పడితే పల్లపు వీధులు మునుగుతాయి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి, ఒకదానికీ తరువాతి దానికీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల దరిదాపుల్లో పోటు మరింత ఎత్తుకు వస్తుంది. అందుచేత మీరు వెళ్లే రోజులు వాటికి దగ్గరగా ఉంటే ఉప్పుటేటి గట్టు వీధులను, నదీ ముఖం పక్కన ఉన్న పల్లపు ప్రాంతాలను వదిలేయండి. ఇసుక దిబ్బ మీదున్న బీచ్ రోడ్డు కొన్ని ఊళ్లలో లోపలి వీధుల కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి, తీరానికి దూరంగా ఉన్నంత మాత్రాన ముంపు ఉండదని అనుకోకండి. తుపాను కాలం ఇంకా ముగియకపోతే, చివరి రోజు వరకు రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకోండి. రైలు టికెట్లు రద్దయినప్పుడు గది డబ్బు కూడా పోకుండా ఉంటుంది.

రేవుగాలి:

నడకదారి గారు పెద్దావిడ గురించి చెప్పినది విన్నాక నా సలహాను కొంత మార్చుకుంటున్నాను. పాత ఊరి వైపు కొసన, బీచ్ రోడ్డు మీదే, లిఫ్టు సరిగా పనిచేసే చిన్న హోటల్ దొరికితే మీకు అదే తగినది. దొరకకపోతే రెండో వీధిలో గది తీసుకొని, తీరం వెంబడి చదునైన కాలిబాట, కూర్చోవడానికి బల్లలు ఉన్న చోటుకు ఎంత దూరమో చూసుకోండి. వెబ్‌సైట్లలో రాసే ‘తీరానికి 500 మీటర్లు’ అన్న దూరం చాలాసార్లు పటం మీద తిన్నగా కొలిచినదే అయివుంటుంది. మధ్యలో రైలు పట్టాలో ఉప్పుటేరో ఉంటే, వంతెన దాకా వెళ్లి తిరిగి రావలసి వచ్చి ఆ నడక రెండు మూడు రెట్లవుతుంది. ఉపగ్రహ పటంలో నడిచే దారిని గీసి చూడండి. ఆ తరువాత హోటల్‌కు ఫోన్ చేసి, గది నంబరు ఖరారు కాకపోయినా అది ఏ వైపుదో, ఎన్నో అంతస్తులోదో చెప్పమని అడిగి, వారు చెప్పినది సందేశం రూపంలో కూడా పంపమనండి. దిగిన రోజు వేరే గది చూపిస్తే మాట్లాడటానికి మీ చేతిలో అది ఉంటుంది.