ఊర్ నగర రాజు మెసనేపాద, లగాష్ నగర రాజు ఊర్‌నాన్షే ఒకే టైమ్ వాళ్లా?

సుమేర్ (ఇప్పటి దక్షిణ ఇరాక్‌లోని ప్రాచీన నాగరికత) రాజుల టైమ్‌లైన్ ఎక్సెల్‌లో చేస్తున్నానండి, నగరానికో కాలమ్. చివరి భాగం సెట్ అయిపోయింది, ఉమ్మా నగర రాజు లుగాల్‌జాగెసి వచ్చి లగాష్ రాజు ఉరుకగినా మీద పడటం, తర్వాత లుగాల్‌జాగెసిని అక్కాద్ రాజు సర్గోన్ ఓడించడం, సర్గోన్‌ని క్రీ.పూ. 2334 నుంచి మొదలెట్టా. లగాష్ పాలకుడు ఎంటెమెనా కూడా ఓకే, ఉరుక్ రాజు లుగాల్‌కినిషెదుదుతో అన్నదమ్ముల ఒప్పందం చేసుకున్నట్టు మట్టి మేకుల మీద రాయించాడు కాబట్టి ఇద్దర్నీ ఒకే వరసలో పెట్టేశా.

అంతకంటే వెనక్కి వెళ్తేనే తంటా. సుమేరియన్ రాజుల జాబితా (ఏ నగరంలో ఏ రాజు ఎన్నేళ్లు ఏలాడో చెప్పే ప్రాచీన పట్టిక) పట్టుకుని కూడుకుంటూ పోతే కిష్ నగర రాజు ఎన్మెబరగెసి ఒక్కడికే 900 ఏళ్లు, వాళ్లబ్బాయి అగ్గాకి 625, మెసనేపాదకి 80, పైగా అందులో లగాష్ అనే ఊరే లేదు, భలే జాబితా! సరే అని దాన్ని పక్కన పడేసి శాసనాలు చూశా. ఊర్‌నాన్షే ఊర్‌తోనూ ఉమ్మాతోనూ యుద్ధం చేశానని రాయించుకున్నాడు, పట్టుబడిన ఉమ్మా పాలకుడి పేరు పబిల్‌గాల్‌తుకు అని ఉంది, ఊర్ నాయకుడి పేరు మాత్రం నేను చూసిన అనువాదంలో కనపడట్లేదు. సిరియాలోని మారీ నగరంలో దొరికిన నీలి లాపిస్ పూస మీద మెసనేపాద పేరుంది కానీ అందులో లగాష్ ఊసే లేదు.

మెసనేపాదనీ ఊర్‌నాన్షేనీ (లేదా అతని మనవడు ఎయన్నాతుమ్‌నీ) నేరుగా కలిపే శాసనం ఏదైనా ఉందా?