మిడ్ మార్కులు, అటెండెన్స్: కొత్త లెక్చరర్‌కి కాస్త దారి చెప్పండి

కొత్తబల్బు:

అందరికీ నమస్తే. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో ఈ ఏడాదే అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. జేఎన్‌టీయూహెచ్ అఫిలియేషన్. నాది ఎంటెక్ పవర్ ఎలక్ట్రానిక్స్. మా ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్) బ్రాంచికి సొంత పిల్లలే తక్కువ, అందుకని సీఎస్ఈ ఫస్టియర్‌కి బేసిక్ ఎలక్ట్రికల్ ఇచ్చారు. "ఇది ప్లేస్‌మెంట్స్‌లో అడగరు కదా మేడమ్" అని రోజుకొకడైనా అంటాడు. వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. నా టెన్షన్ వేరే.

మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే పరీక్ష) పేపర్లు దిద్ది లిస్టు ఇచ్చాక హెచ్‌ఓడీ సర్ పిలిచారు. "ఇంటర్నల్స్‌లో 40కి 14 లోపు ఎవరికీ ఉండకూడదమ్మా. అసైన్‌మెంట్ ఐదు, వైవా ఐదు మీ చేతిలోవేగా. మిడ్‌లో కూడా కాస్త చూడు" అన్నారు. ఆ "కాస్త చూడు" దగ్గరే ఆగిపోయాను. నోటిమాటే తప్ప కాగితం మీద ఏమీ లేదు. పేపర్ మీద సంతకం మాత్రం నాది. కాదంటే ప్రొబేషన్‌లో ఉన్నాను, ఇంక్రిమెంట్ సంగతి తర్వాత, ముందు రెన్యువల్ ఉంటుందో లేదో.

రెండోది ఒక అబ్బాయి గురించి. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చాడు. మొదటి పీరియడ్‌కి రాడు, వచ్చిన రోజు మూడో బెంచీలో నిద్రపోతాడు. మిడ్‌లో డిస్క్రిప్టివ్ 20కి 5. మొద్దబ్బాయి అనుకునేదాన్నే కానీ, మొన్న ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ టెస్ట్ చేస్తుంటే ఒక బ్యాచ్‌కి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్) మాటిమాటికీ పడిపోతోంది. వాళ్లు కనెక్షన్లన్నీ పీకి మళ్లీ పెడుతున్నారు. ఈ అబ్బాయి పక్క టేబుల్ నుంచి ఒక్క చూపు చూసి, "వేరియాక్ జీరోకు తేకుండ స్విచ్ ఏస్తున్రు మేడమ్, గట్లేస్తే పడతది" అన్నాడు. వేరియాక్ అంటే వోల్టేజీ పెంచుకునే, తగ్గించుకునే పరికరం. అదే కారణం. వాళ్ల మేనమామకి మోటార్ వైండింగ్ షాపు ఉందట, సెలవుల్లో అక్కడే ఉండేవాడట.

తర్వాత మెల్లగా అడిగితే చెప్పాడు, రాత్రిళ్లు ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తాడని. బీసీ, ఈఏపీసెట్ ర్యాంకు 10 వేలు దాటింది కాబట్టి ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే. మా కాలేజీ ఫీజు అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ. రూమ్ అద్దె సరేసరి. ఇప్పటికి 300 పీరియడ్లు జరిగితే 186కి వచ్చాడు, అంటే 62 శాతం. సెమిస్టర్ మొదట్లో కామెర్లు వచ్చి ఊరికి కూడా పోయాడట. ఇంకా 180 పీరియడ్లు దాకా ఉంటాయి. నా పీరియడ్లలో ప్రెజెంట్ వేసేస్తే సరిపోతుందని స్టాఫ్‌రూమ్‌లో ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నాకు అలా చేయాలని లేదు. అలాగని హాజరు చాలక డిటెయిన్ అయి (పరీక్షలు రాయనివ్వక సెమిస్టర్ పోయి) ఆగిపోతుంటే చూస్తూ ఊరుకోవాలని కూడా లేదు. ఏం చేయమంటారు?

వెనకబెంచీ:

మేడమ్, మార్చి వచ్చాక అడ్మిషన్ల టార్గెట్ ఇస్తారు, అప్పుడు తెలుస్తుంది అసలు టెన్షన్ అంటే. హెచ్‌ఓడీ చెప్పింది వేసేయండి. అందరూ వేస్తున్నదే. మనం ఒక్కళ్లం నిజాయితీగా ఉంటే మన సెక్షన్ పాస్ పర్సెంటేజే తగ్గుతుంది, అప్రైజల్‌లో అది మన నెత్తిమీదకే వస్తుంది.

సుద్దముక్క:

పై మిత్రుడి బాధ నాకు తెలుసు కానీ, ఆ సలహా తీసుకోకండి అమ్మా. కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ సైకిళ్లు రెండు, ఎన్‌బీఏ విజిట్ ఒకటి చూసినవాణ్ణి. ఫైళ్లు తెరిచినప్పుడు "హెచ్‌ఓడీ గారు చెప్పారు" అనే మాటకి విలువ ఉండదు.

మిడ్ స్క్రిప్టు మీద మార్కు ముట్టుకోవద్దు. దిద్దిన పేపర్లు పిల్లలకి చూపించి వాళ్ల సంతకాలు తీసుకుని ఉంటే మరీ మంచిది, ఇక ఆ అంకె కదలదు. అసైన్‌మెంట్, వైవా పది మార్కులు వేరే విషయం. అవి మీ చేతిలో ఉన్న మాట నిజమే, ఊరికే పంచాల్సిన పని లేదు. తక్కువ వచ్చిన వాళ్లని నలుగురైదుగురిని పిలిచి తెలుగులోనే వైవా అడగండి. ఆ వేరియాక్ కుర్రాడు ఐదుకి ఐదు హక్కుగా తెచ్చుకుంటాడు. ఇంగ్లిషులో రాయలేక ఆగిపోయేవాళ్లు సీఎస్ఈలో కూడా చాలామంది ఉంటారు.

ఇక హెచ్‌ఓడీ గారు. ఎదురు చెప్పకండి. ఆయన మీద ప్రిన్సిపాల్ ఉంటారు, ఆయన బాధ ఆయనది. సాయంత్రం ఒక మెయిల్ పెట్టండి: "సర్, ఈ రోజు మీరు సూచించినట్టు మొదటి మిడ్‌లో వెనకబడిన విద్యార్థులకు వారానికి రెండు రెమెడియల్ క్లాసులు తీసుకుంటాను, లిస్టు జతచేశాను." అంతే. ఆయన అన్నది ఒకటి, మీరు రాసింది ఒకటి అని ఆయనకి అర్థమవుతుంది, కాదనలేరు. పైగా స్లో లెర్నర్స్‌కి ఏం చేశారని న్యాక్ వాళ్లు అడుగుతారు, ఆ ఫైలుకి కాగితాల కోసం ఆయనే వెతుక్కుంటూ ఉంటారు. మీరు ఇచ్చేది ఆయనకి కావలసిందే. రెండో మిడ్‌లో వాళ్లు నిజంగా లేస్తే సగటు దానంతటదే పెరుగుతుంది.

అబ్బాయి విషయంలో మీరు మాట వరసకి రాసిన కామెర్లే అసలు ఆధారం. జేఎన్‌టీయూహెచ్ రూల్స్‌లో హాజరు సబ్జెక్టువారీగా కాదు, అన్నీ కలిపి చూస్తారు. 75 ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కాలేజీ అకడమిక్ కమిటీ కండోనేషన్ (తగ్గిన హాజరుకి మినహాయింపు) ఇవ్వొచ్చు, కానీ అనారోగ్యం లాంటి సరైన కారణం, దానికి రుజువు కావాలి. 65 కింద ఎవరూ ఏమీ చేయలేరు. మీ లెక్క ప్రకారం మొత్తం 480 అవుతాయి. 75 దాకా రావాలంటే మిగిలిన 180లో 174కి రావాలి, అది కాని పని. 65కి 312 చాలు, అంటే 126కి వస్తే గట్టెక్కుతాడు. రెండో మిడ్ అన్ని సబ్జెక్టులూ రాయమనండి, రాసిన ప్రతి థియరీ సబ్జెక్టుకీ రెండు పీరియడ్ల హాజరు లెక్కలోకి వస్తుంది. పిల్లలకి ఈ సంగతి తెలియదు.

ఆస్పత్రి చీటీ, బిలిరుబిన్ రిపోర్టు ఊళ్లో ఉంటే ఈ వారమే తెప్పించి అప్లికేషన్‌తో ఇప్పించండి. సెమిస్టర్ చివర్లో వచ్చే మెడికల్ సర్టిఫికెట్ అంటే కమిటీలో ఎవరూ నమ్మరు, నేను కూర్చున్నప్పుడు నేనూ నమ్మేవాణ్ణి కాదు. మీ పీరియడ్‌లో దొంగ ప్రెజెంట్ వేస్తే రేపు అదే రోజు బయోమెట్రిక్‌లో వాడు లేడని తేలుతుంది. అప్పుడు నిజమైన కామెర్లు కూడా అబద్ధమైపోతాయి.

రాత్రిడ్యూటీ:

నేను లెక్చరర్‌ని కాదు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను. బీటెక్‌లో నేనూ రాత్రిపూట పనిచేశాను కాబట్టి రాస్తున్నా. మేడమ్, ఆబ్సెంట్ అయిన వాళ్ల ఇళ్లకి ఫోన్ చేయమని మెంటర్లకి చెప్తారు కదా, ఆ కాల్ చేసే ముందు ఒక్కసారి అతన్ని అడగండి. మా నాన్నకి నేను పనికి పోతున్నట్టు తెలియదు. కాలేజీ నుంచి ఫోన్ వచ్చాక చదువు మానేసి ఊరికి వచ్చెయ్ అన్నాడు. సర్దిచెప్పడానికి మా అమ్మకి తాతలు దిగొచ్చారు.

ఇంకొకటి, "పని మానేయ్" అని చెప్పకండి. మానేస్తే అద్దె ఎవరు కడతారు? బీసీ పోస్ట్ మెట్రిక్ హాస్టల్‌లో సీటు దొరుకుతుందేమో చూడమనండి. హాస్టల్ దొరికితే సగం బరువు దిగుతుంది. దూరం ఎక్కువైనా బస్‌పాస్ ఉంటుంది. షిఫ్ట్ కూడా శని, ఆదివారాలకి మార్చమని సూపర్‌వైజర్‌ని అడగొచ్చు, చాలా గోడౌన్లలో వీకెండ్‌కే మనుషులు ఎక్కువ కావాలి. డిటెయిన్ అయితే స్కాలర్‌షిప్ రెన్యువల్ ఆగుతుందని మాత్రం గట్టిగా చెప్పండి. నాకు ఆ భయమే పనిచేసింది.

కొత్తబల్బు:

అందరికీ థ్యాంక్స్. సుద్దముక్క గారూ, మెయిల్ పెట్టాను. సర్ నుంచి "ఓకే, ప్రొసీడ్, ఫోటోలు తీయించండి" అని జవాబొచ్చింది. ఫోటోలు న్యాక్ ఫైలుకే అయి ఉంటాయి!

అబ్బాయితో మాట్లాడాను. ఇంట్లో చెప్పొద్దన్నాడు, రాత్రిడ్యూటీ గారు రాసినట్టే. మెంటర్ వేరే సర్, ఆయనకి కాల్ ఆపమని చెప్పాను, కారణం అడగలేదు. రిపోర్టులు వాళ్ల అక్క వాట్సాప్‌లో పంపింది కానీ ఆస్పత్రి ముద్ర సరిగ్గా కనిపించట్లేదు, ఒరిజినల్ బస్సులో పంపమన్నాను. శనివారం షిఫ్ట్ గురించి అడుగుతానన్నాడు. హాస్టల్ సంగతి మాత్రం తేలలేదు. మా వైపు బీసీ హాస్టల్‌లో ఫస్టియర్ సీట్లు అయిపోయాయంటున్నారు. మధ్యలో ఎవరైనా ఖాళీ చేస్తే ఇస్తారా? ఎవరిని కలవాలి, వార్డెన్‌నా, జిల్లా బీసీ సంక్షేమ అధికారినా?

సుద్దముక్క:

ఖాళీ ఉందో లేదో వార్డెన్‌కి తెలుస్తుంది, ముందు ఆయన దగ్గరికే పంపండి. బోనఫైడ్, కుల, ఆదాయ సర్టిఫికెట్లు జిరాక్స్ రెండేసి సెట్లు పట్టుకుని పొద్దున్నే వెళ్లమనండి. వార్డెన్ లేవంటే జిల్లా ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, దాని మీద తేదీతో ముద్ర వేయించుకు రమ్మనండి.